విదేశీ ప్రయాణంలో పాత సైనిక దుస్తులు వేసుకోవచ్చా?

ప్రశ్న: దూరబాటసారి

నమస్కారం. పదేళ్లుగా నేను ప్రయాణాల్లో ఎక్కువగా సైన్యాలు, పోలీసు శాఖలు వాడి వదిలేసిన దుస్తులనే వేసుకుంటున్నాను. వేషం కట్టాలన్న ఉబలాటం నాకు ఎన్నడూ లేదు. గట్టి గుడ్డ, జంట కుట్లు, పుస్తకం పట్టేంత జేబులు, చలి పెరిగితే లోపల తగిలించుకోవడానికి విడి అస్తరు, ఇవన్నీ ఒక్కచోట ఉన్న కొత్త బట్ట కొనాలంటే ధర అందదు. నా దగ్గర ఉన్నవన్నీ దుకాణంలో రసీదు తీసుకుని కొన్నవే.

ఇప్పుడు మేము కుటుంబంతో ఒక పెద్ద ప్రయాణానికి సిద్ధమవుతున్నాం. మొదట జర్మనీ, ఫ్రాన్స్, లిథువేనియా చూసి, అక్కడి నుంచి బార్బడోస్, ట్రినిడాడ్ వెళ్లి, చివర్లో ఉగాండాలో ఉద్యోగం చేస్తున్న స్నేహితుడి దగ్గర కొన్ని రోజులు ఉండాలని అనుకుంటున్నాం. నేను సర్దుకోవాలనుకున్నవి చెబుతాను. భుజం మీద చిన్న జెండా గుర్తు ఉన్న జర్మన్ సైన్యపు మచ్చల పార్కా (తలకప్పు ఉన్న పొడవాటి కోటు), అమెరికన్ వుడ్‌ల్యాండ్ రంగుల (అడవి రంగుల మచ్చల) ప్యాంటు, ఎలాంటి గుర్తూ లేని ఆలివ్ గ్రీన్ ఎం-65 జాకెట్ (అమెరికన్ సైన్యపు ఒక రకం జాకెట్), సోవియట్ కాలపు ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు, గుర్తులు విప్పేసిన బ్రిటిష్ పోలీసు ముదురు నీలం స్వెటర్. మా ఎనిమిదేళ్ల అబ్బాయికి కామోఫ్లాజ్ (సైనికులు పరిసరాల్లో కలిసిపోవడానికి వాడే మచ్చల గుడ్డ) టోపీ, అదే రంగుల స్కూలు సంచి ఉన్నాయి.

నాకు అనుమానం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. కిందటిసారి ఒక విదేశీ రైల్వే స్టేషన్‌లో ఆ నీలం స్వెటర్ వేసుకుని నిలబడి ఉన్నాను. ఒక పెద్దావిడ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ ఏదో చెప్పసాగారు. ఆమె చేతిసంచి ఎవరో లాక్కుపోయారని, నన్ను పోలీసనుకుని వచ్చారని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. నేను పోలీసును కాదని భాష రాని చోట ఆమెకు నచ్చజెప్పి, అసలు పోలీసుల దగ్గరకు తీసుకువెళ్లేసరికి ఆ దొంగ ఎక్కడికో పోయే ఉంటాడు. ఆమె నన్ను నిందించలేదు, కానీ ఆ నాలుగైదు నిమిషాలు ఆమెకు నా వల్లే పోయాయని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. గుర్తులు విప్పేస్తే సరిపోతుందని అంతవరకూ నమ్మినవాడిని. ఈ విషయంలో చట్టం ఏమంటుంది, అనుభవం ఉన్నవారు ఏమంటారు, దయచేసి చెప్పండి.

జవాబు: ఉప్పుగాలి

దూరబాటసారి గారూ, మీ జాబితాలో ముందుగా తీసి పక్కన పెట్టాల్సినవి మీ అబ్బాయి టోపీ, సంచి. చాలామంది పెద్దవాళ్ల దుస్తుల గురించి ఆలోచించి పిల్లల సంగతి మరిచిపోతారు. నేనూ అలాగే మరిచిపోయాను.

బార్బడోస్‌లో కామోఫ్లాజ్ దుస్తులు వేసుకోవడం నేరం. పిల్లలకు మినహాయింపు లేదు. వేసుకోవడమే కాదు, ఆ గుడ్డతో చేసిన సంచి పట్టుకుని తిరగడం కూడా దాని కిందికే వస్తుంది. ట్రినిడాడ్ అండ్ టొబాగోలోనూ ఇదే నిషేధం ఉంది. జమైకా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా, ఆంటిగ్వా, డొమినికా కూడా ఇదే దారిలో ఉన్నాయి. అక్కడ చూసేది అది ఏ దేశపు సైన్యానిదన్నది కాదు, అసలు సైన్యానిదేనా అన్నదీ కాదు. ఆకు, కొమ్మ, మచ్చల రూపంలో ఉన్న ఆ నమూనాకే నిషేధం. సూపర్‌మార్కెట్‌లో కొన్న ఫ్యాషన్ నిక్కరుకూ, యుద్ధరంగం నుంచి వచ్చిన ప్యాంటుకూ చట్టం ముందు తేడా ఉండదు.

మా సంగతి చెబుతాను. ఓడ ప్రయాణంలో భాగంగా కరీబియన్ దీవుల్లో ఒక చోట దిగాం. మా చిన్నవాడు వేసుకున్న నిక్కరు గులాబీ, బూడిద రంగుల మచ్చలది. దాన్ని ఏ సైనికుడూ వేసుకోడు కదా అని నా ధీమా. రేవులో అధికారి మర్యాదగానే మాట్లాడారు, కానీ నిక్కరు మార్చందే ఒడ్డుకు వెళ్లనివ్వనన్నారు. మార్చడానికి మా దగ్గర ఇంకోటి లేదు, గదికి తిరిగి వెళ్లి వచ్చేసరికి మేము ముందే డబ్బు కట్టిన బస్సు వెళ్లిపోయింది. వాడు ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా గుర్తుంది. నేను ఒక్క పేజీ చదివి ఉంటే అది జరిగేది కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒకటి గట్టిగా చెబుతాను. సూట్‌కేసు అడుగున పెట్టి తీసుకువెళ్లి, ఆ దేశంలో మాత్రం వేసుకోకుండా ఉంటే చాలునని అనుకోవద్దు. వేసుకోవడం మీద నిషేధం ఉన్న చోట దిగుమతి మీద కూడా నిషేధం ఉండవచ్చు. కస్టమ్స్ వారు సంచి తెరిచినప్పుడు అది ఎవరి ఒంటి మీదా లేదన్న వాదన పనికిరాదు.

జవాబు: ధారాదత్తం

నేను న్యాయశాస్త్రం చదువుకున్నాను. యూరప్ భాగం గురించి నాకు తెలిసినంత చెబుతాను. అక్కడి ఆలోచన కరీబియన్ దేశాల ఆలోచనకు భిన్నమైనది. కరీబియన్‌లో నిషేధం గుడ్డ మీది నమూనా మీద, యూరప్‌లో ఎక్కువగా యూనిఫాం మీద. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

జర్మన్ శిక్షాస్మృతిలో 132ఎ అనే సెక్షన్ ఉంది. అధికారం లేకుండా యూనిఫాం గానీ అధికార చిహ్నాలు గానీ ధరించేవారికి ఏడాది వరకు జైలు లేదా జరిమానా విధించవచ్చని అది చెబుతుంది. అందులో ప్రయాణికులు గమనించాల్సిన మాట ఒకటుంది: స్వదేశీ యూనిఫాంలే కాదు, విదేశీ యూనిఫాంలూ దాని పరిధిలోకి వస్తాయి. చూసినవారు పొరబడేంత పోలిక ఉన్నవి కూడా వస్తాయి. అయితే మీ పార్కా ఒక్కటే జీన్స్ మీద వేసుకుని నడిస్తే దాన్ని ఎవరూ యూనిఫాం అనరు. ఆ దేశంలో విద్యార్థులు, రైతులు, సైకిలు తొక్కేవాళ్లు ఎందరో ఆ పార్కాలు వేసుకుంటారు. హోదా పట్టీలు, పేరు పట్టీ, టోపీ, ప్యాంటు, బూట్లు అన్నీ కలిసి ఒక నిండు రూపం ఏర్పడినప్పుడు కథ మారుతుంది.

ఫ్రాన్స్‌లో శిక్షాస్మృతి 433-14వ అధికరణం హక్కు లేకుండా యూనిఫాం ధరించడానికి ఏడాది జైలు, 15,000 యూరోల జరిమానా వరకు నిర్దేశిస్తుంది. పోలీసు, సైనిక యూనిఫాంలను పోలి ప్రజలను పొరబాటు పడేసే దుస్తులకు దాని తర్వాతి అధికరణంలో విడిగా శిక్ష ఉంది. బ్రిటన్‌లో సైనిక యూనిఫాంల మీద 1894 నాటి చట్టమే నేటికీ నడుస్తోంది. పోలీసు దుస్తులకు 1996 పోలీసు చట్టంలోని 90వ సెక్షన్ చూడాలి. అక్కడ మోసగించే రీతిలో వేసుకోవడం ఒక నేరం. పోలీసు యూనిఫాం భాగాన్ని దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే, దాన్ని చట్టబద్ధంగా పొందామని, చట్టబద్ధమైన అవసరానికే ఉంచుకున్నామని చూపగలిగితే తప్ప. కాబట్టి మీ దగ్గరున్న రసీదు విలువలేనిది కాదు. అయితే అది సంపాదించిన తీరునే నిరూపిస్తుంది, వేసుకున్న తీరును కాదు.

పోలీసు దుస్తుల విషయంలో ఇంత పట్టుదల ఎందుకన్నది ప్రయాణికులు అర్థం చేసుకోవాలని నా కోరిక. 2011 జూలై 22న నార్వేలోని ఉతోయా ద్వీపంలో 69 మందిని చంపినవాడు పోలీసు యూనిఫాంలో వెళ్లాడు. 2020 ఏప్రిల్‌లో కెనడాలోని నోవా స్కోషియాలో ఒకడు పోలీసు కారును పోలిన కారులో, పోలీసు దుస్తుల్లో తిరుగుతూ 22 మందిని పొట్టన పెట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం పోలీసు దుస్తులు, సామగ్రి ఎవరి చేతికి పోవచ్చో కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. యూనిఫాం చూడగానే ఆపదలో ఉన్న మనిషి అనుమానం లేకుండా దగ్గరకు వస్తాడు. స్టేషన్‌లో ఆ పెద్దావిడ మీ దగ్గరకు వచ్చింది ఆ నమ్మకంతోనే. ఆ నమ్మకం చెడకూడదనే ఈ చట్టాలన్నీ పుట్టాయి.

ఇక మీ బెల్టు. లిథువేనియా 2008లోనే నాజీ, సోవియట్ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను ఒకే నిషేధం కిందికి తెచ్చింది. ఉక్రెయిన్ 2015లో అలాంటి చట్టమే చేసింది. మీ బకిల్ మీద సుత్తి, కొడవలి ఉన్న నక్షత్రం ఉంటే దాన్ని లిథువేనియా రాజధాని విల్నియస్ వీధుల్లో చూపుకుంటూ తిరగడం నిషేధ ఉల్లంఘనే. అది మనకు పాత ఇత్తడి వస్తువు, వాళ్లకు మాత్రం సోవియట్ పాలనలో సైబీరియాకు తరలించబడిన తాత ముత్తాతల జ్ఞాపకం. చట్టం లేకపోయినా దాన్ని అక్కడికి తీసుకువెళ్లవద్దని చెప్పి ఉండేవాడిని.

జవాబు: చెక్‌పోస్టు దగ్గర

నేను ఛాయాచిత్రకారుడిని. సంఘర్షణలు జరిగే ప్రాంతాల్లో కొన్నేళ్లు పనిచేశాను. ధారాదత్తం గారు చెప్పిన సెక్షన్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ కొన్ని చోట్ల సమస్య కోర్టు దాకా వెళ్లదు, అంతకన్నా ముందే, వంద మీటర్ల దూరంలో తేలిపోతుంది.

యుద్ధ నియమాల్లో యూనిఫాంకు ఉన్న అర్థం ఒక్కటే, నన్ను శత్రువు గురిపెట్టవచ్చు అని అది ప్రకటిస్తుంది. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందంలోని 4వ అధికరణం సాధారణ సైన్యానికి చెందని సాయుధ దళాలకు దూరం నుంచి గుర్తుపట్టగల స్థిరమైన చిహ్నం ఉండాలని అడిగింది అందుకే. పౌరులు అలాంటి చిహ్నం లేకుండా ఉండటమే వారికి కవచం. ఒక మనిషి పౌరుడా కాదా అన్న సందేహం వస్తే పౌరుడనే భావించాలని 1977 అదనపు ప్రోటోకాల్‌లోని 50వ అధికరణం చెబుతుంది. అయితే ఆ సందేహం రావడానికి అవకాశం ఇవ్వాల్సింది మనమే. నిద్ర లేక, భయంతో, ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు తుపాకీ పట్టుకుని నిలబడిన చోటికి మీరు మచ్చల జాకెట్‌లో నడిచి వెళితే, అతనికి సందేహం రాదు. అందుకే మా వృత్తిలో ఆకుపచ్చకు, మచ్చలకు దూరంగా ఉంటాం. విలేఖరులు నీలం చొక్కా మీద పెద్ద తెల్ల అక్షరాలు రాసుకుని తిరగడం మీరు చూసే ఉంటారు.

దుస్తుల మీద నమ్మకం పోతే ఏమవుతుందో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబరులో, బెల్జియం వైపు ఆర్డెన్స్ అడవుల్లో కొందరు జర్మన్ సైనికులు అమెరికన్ యూనిఫాంల్లో, అమెరికన్ జీపుల్లో శత్రు పంక్తుల వెనక్కి చొరబడ్డారు. వాళ్లు కొద్దిమందే, కానీ ఆ వార్త పాకగానే అమెరికన్ సైనికులు దారి పొడవునా తమ వాళ్లనే ఆపి ప్రశ్నలు అడగసాగారు. సాక్షాత్తు తమ సేనాధిపతి జనరల్ ఒమర్ బ్రాడ్లీని ఆపి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర రాజధాని ఏదని అడిగారు. ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్ అని సరిగ్గానే చెప్పారు, అడిగిన సిపాయి మాత్రం షికాగో అనుకుంటున్నాడు. పట్టుబడిన ఆ జర్మన్లలో పలువురిని గూఢచారులుగా కాల్చి చంపారు. వేసుకున్న బట్టే అక్కడ ప్రాణాల మీదకు తెచ్చింది.

ఉగాండా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ సైనిక దుస్తులను పోలినవి పౌరుల దగ్గర ఉండటాన్ని ప్రభుత్వం చాలా తీవ్రంగా తీసుకుంటుంది. 2019లో ప్రతిపక్ష నాయకుడు బాబీ వైన్ అనుచరులు పెట్టుకునే ఎర్ర టోపీని కూడా సైనిక దుస్తుల జాబితాలో చేర్చారు. సైనిక సామగ్రి దొరికిందన్న ఆరోపణతో పౌరులను సైనిక కోర్టుల్లో నిలబెట్టారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2025 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, అయినా అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి కొన్ని సందర్భాలకు ఆ దారి మళ్లీ తెరిచింది. జింబాబ్వే, జాంబియా, ఘనా, నైజీరియాలలోనూ కామోఫ్లాజ్ విషయంలో ఇలాంటి కట్టుబాట్లే ఉన్నాయి. మీరు విదేశీయులు కనుక మాట్లాడి బయటపడతారేమో. మీతో కనిపించిన మీ స్నేహితుడు అక్కడే బతకాలి, అక్కడే ఉద్యోగం చేసుకోవాలి. ఆయన మాట కూడా ఆలోచించండి.

జవాబు: సూదీదారం

పైవారు చెప్పినదంతా చదివాక, పాత సైనిక బట్ట అంటేనే ముట్టుకోకూడదన్న భయం కొత్తవాళ్లకు కలుగుతుందేమోనని రాస్తున్నాను. నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి దుస్తులు కొని, విప్పి, బాగుచేసి అమ్ముతున్నాను. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో, జపాన్‌లో ఇవి వీధుల్లో మామూలు బట్టలు. గుర్తులు లేని ఆలివ్ గ్రీన్ జాకెట్ ఒకటి జీన్స్ మీద వేసుకున్నవారిని చూసి ఎవరూ సైనికుడనుకోరు. దక్షిణ కొరియా మాత్రం వేరు. అక్కడ సైనిక దుస్తుల మీద ప్రత్యేక చట్టమే ఉంది, పోలికగా ఉన్నవాటినీ అది పట్టించుకుంటుంది.

ఎక్కువమంది ప్యాచ్ విప్పి పని అయిపోయిందనుకుంటారు. విప్పిన చోట గుడ్డ వెలిసిపోకుండా ముదురు రంగులో ఉండిపోతుంది. దూరం నుంచి అది ఇంకా పేరు పట్టీలాగే కనిపిస్తుంది. దారపు ముక్కలను సూదితో ఒక్కొక్కటిగా లాగేసి, రెండు మూడుసార్లు ఉతికి ఎండలో వేయాలి. వెల్క్రో పట్టీలైతే పూర్తిగా ఊడదీయాలి, ఎందుకంటే ఖాళీ వెల్క్రో చూసిన కస్టమ్స్ అధికారికి దాని మీద ఏముండేదో అన్న ప్రశ్నే మొదట తడుతుంది. స్వెటర్ భుజాల మీది పట్టీలు, వాటి గుండీలు కూడా తీసేయండి. మీ నీలం స్వెటర్‌ను పోలీసు స్వెటర్‌గా చూపించింది విప్పేసిన గుర్తులు కాదు, ఆ భుజం పట్టీలు, మోచేతుల మీది గుడ్డ అతుకులే అని నా అనుమానం.

మచ్చల ప్యాంటుకు రంగు వేస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. వుడ్‌ల్యాండ్ ప్యాంట్లలో చాలావాటి గుడ్డ సగం నైలాన్, సగం నూలు. మామూలు నూలు రంగు నైలాన్‌కు సరిగా అంటదు, అంటినా నల్ల రంగు కింద నుంచి పాత మచ్చలు ఎండలో మళ్లీ తేలతాయి. పైగా నల్ల ప్యాంటు, నల్ల బూట్లు కలిస్తే చాలా దేశాల్లో అది పోలీసు ప్రత్యేక దళాల రూపం. ఒక చిక్కు నుంచి తప్పించుకోబోయి ఇంకో చిక్కులో పడతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది జేబులు. పాత సైనిక జాకెట్ జేబు అడుగున చిరుగు ఉంటే చిన్న వస్తువులు అస్తరులోకి జారిపోతాయి. నా చేతుల్లోకి వచ్చిన బట్టల్లో ఖాళీ తూటా తొడుగులు దొరికిన సందర్భాలు ఉన్నాయి. ఒకసారి పేలని తూటా కూడా దొరికింది, దాన్ని వెంటనే పోలీసులకు అప్పగించాను. విమానాశ్రయం ఎక్స్‌రేలో అది కనిపిస్తే, నాది కాదు, బట్టతో పాటు వచ్చిందంటే నమ్మేవారు తక్కువ. ఒక్క తూటాకే అరెస్టు చేసే దేశాలు ఉన్నాయి. అందుకని జేబులు బయటికి తిప్పి, అస్తరు అంచుల వెంట వేళ్లతో తడుముతూ పూర్తిగా వెతకండి. తూటా నిరోధక చొక్కాలను మాత్రం మోయవద్దు. ఆస్ట్రేలియాలో అనుమతి లేకుండా వాటిని లోపలికి తేలేరు.

దూరబాటసారి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. రాత్రి కూర్చుని అన్నీ మళ్లీ చదివాను. సూదీదారం గారు చెప్పినట్టు ఎం-65 జాకెట్ అస్తరు తడిమి చూశాను. తూటా లేదు కానీ, ఎవరి పేరో సగం చెరిగిన ఒక చిన్న రేకు బిళ్ల దొరికింది. అది ఎవరిదో, ఆ మనిషి ఏమయ్యారో ఇక తెలిసే వీలు లేదు. దాన్ని ఇంట్లోనే భద్రపరిచాను.

ఒక్క సందేహం మిగిలింది. ఆలివ్ గ్రీన్ జాకెట్ యూరప్‌లో వేసుకుని, తర్వాత మిగతా రెండు చోట్లకూ సంచిలో పెట్టి తీసుకువెళ్లవచ్చా?

ధారాదత్తం

బార్బడోస్, ట్రినిడాడ్‌ల వరకు నిషేధం కామోఫ్లాజ్ మీద కనుక సాదా రంగుకు అది వర్తించదు. ఉగాండాకు మాత్రం నేనైతే తీసుకువెళ్లను. యూరప్ నుంచి బయలుదేరే ముందే దాన్ని పార్శిల్‌లో ఇంటికి పంపించేయండి. ఆ తర్వాత మీరు వెళ్లే రెండు ప్రాంతాలూ వెచ్చనివే, జాకెట్ అవసరం రాదు. ప్రయాణానికి వారం ముందు ఆయా దేశాల రాయబార కార్యాలయాల వెబ్‌సైట్లు మరొకసారి చూడండి, ఎందుకంటే ఈ నియమాలు ఎన్నికలు, అల్లర్లు వచ్చినప్పుడు ఉన్నట్టుండి బిగుసుకుంటాయి.

దూరబాటసారి

అలాగే చేస్తాను. పార్కా, మచ్చల ప్యాంటు, బెల్టు ఇంట్లో ఉంటాయి. అబ్బాయికి సాదా నీలం సంచి, తెల్ల టోపీ కొన్నాం. కారణం వివరించి చెబితే వాడు గొడవ చేయకుండా ఒప్పుకున్నాడు. స్వెటర్ భుజం పట్టీలు ఈ ఉదయమే విప్పాను. విప్పాక అద్దంలో చూసుకుంటే ఇంకా పోలీసులాగే అనిపించింది, అందుకని దాన్ని కూడా తీసుకువెళ్లడం లేదు.